నికో హారిసన్‌ని తీసేశారు సరే, ఆంథనీ డేవిస్‌ని ఏం చేద్దామంటారు? (2025 నవంబర్ చర్చ)

విక్టరీ_స్టేషన్ (ఇర్వింగ్, టెక్సస్):

2025 నవంబర్ 11న మన ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ జట్టు డల్లాస్ మావరిక్స్ (మావ్స్) జీఎం, అంటే ఆటగాళ్లని తెచ్చే, పంపే జనరల్ మేనేజర్, నికో హారిసన్‌ని తీసేసిన రోజు మా ఆఫీసులో పండగ వాతావరణం. నాకు మాత్రం అంత సంతోషం రాలేదు. జీఎం మారినంత మాత్రాన, డేవిస్ కోసం లేకర్స్‌కి ఇచ్చేసిన మన స్టార్ లూకా డాంచిచ్ వెనక్కి రాడు, ఇచ్చేసిన డ్రాఫ్ట్ పిక్స్ (కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వంతులు) వెనక్కి రావు. అందుకే అడుగుతున్నా. 2026 ఫిబ్రవరి 5 ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) గడువు లోపు డేవిస్‌ని పంపేయాలా, లేక మన గార్డ్ కైరీ ఇర్వింగ్ మోకాలు బాగై తిరిగొచ్చేదాకా ఆగాలా? నేనైతే పంపేయాలంటాను. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

అందరూ ఈ కోపాన్ని లూకాని పంపేసిన 2025 ఫిబ్రవరి 1 రాత్రి నుంచి లెక్కేస్తారు. నా లెక్క 2022 నుంచి. జేలెన్ బ్రన్సన్‌ని 2018 డ్రాఫ్ట్‌లో 33వ పిక్‌తో మనమే తెచ్చుకున్నాం, మనమే పెంచుకున్నాం. నాలుగేళ్ల కాలానికి 55 మిలియన్ డాలర్లకి కాస్త పైన ఇచ్చి కాంట్రాక్టు పొడిగించే వీలు 2021-22 సీజన్‌లో మనకుంది. ఇవ్వలేదు. ఆ ప్లేఆఫ్స్‌లో లూకా గాయంతో కూర్చుంటే యూటా మీద రెండో ఆటలో 41 పాయింట్లు కొట్టి సిరీస్‌ని నిలబెట్టింది అతనే. వేసవి వచ్చేసరికి న్యూయార్క్ నిక్స్ వాళ్లు 104 మిలియన్లు ఇచ్చి తీసుకెళ్లిపోయారు. బదులుగా మనకి ఒక్క ఆటగాడు రాలేదు, ఒక్క పిక్ రాలేదు. తర్వాత ఆ ఖాళీ నింపడానికి కైరీని తెచ్చి, డోరియన్ ఫిన్నీ-స్మిత్‌నీ, డిన్‌విడ్డీనీ, 2029 ఫస్ట్ రౌండ్ పిక్‌నీ ధారపోశాం. చేతిలో ఉన్నవాణ్ణి ఊరికే వదిలేయడం, వాడి చోట ఇంకొకణ్ణి రెట్టింపు ధరకి తెచ్చుకోవడం. ఈ జట్టుకి పట్టిన జబ్బు ఇదే.

ఇక లూకా సంగతి. 25 ఏళ్లవాడు, వరుసగా ఐదుసార్లు ఆల్-ఎన్‌బీఏ ఫస్ట్ టీమ్ (ఆ ఏడాది లీగ్ మేటి ఐదుగురు). జట్టుని ఫైనల్స్‌కి తీసుకెళ్లి ఎనిమిది నెలలు కూడా తిరగలేదు. అలాంటివాణ్ణి అమ్మాలనుకున్నప్పుడు నలుగురిని పిలిచి బేరం పెడతారు కదా! నికో వెళ్లి లేకర్స్ జీఎం పెలింకా ఒక్కడితో కాఫీ తాగుతూ మాట్లాడాడు. వచ్చింది డేవిస్, మాక్స్ క్రిస్టీ, 2029 లేకర్స్ ఫస్ట్ రౌండ్ పిక్ ఒక్కటి. అంతకు ముందు ఏడాదే మికల్ బ్రిడ్జెస్ కోసం నిక్స్ ఐదు ఫస్ట్ రౌండ్ పిక్స్ ఇచ్చారు. బ్రిడ్జెస్ ఒక్కసారి కూడా ఆల్-స్టార్ కాలేదు! ఆ లెక్కలో లూకాకి ఒక్క పిక్ ఏంటి? ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నా నాకు కడుపు రగిలిపోతుంది.

2025 ఏప్రిల్ 9న లూకా లేకర్స్ జెర్సీతో మన అరీనాకి వచ్చినప్పుడు మా అబ్బాయిని తీసుకుని ఆరెంజ్ లైన్ ఎక్కి వెళ్లాను. రైలు నిండా 77 నంబరు జెర్సీలే, అన్నీ నీలం రంగువే. విక్టరీ స్టేషన్‌లో దిగాక కూడా ఎవరూ కేకలు పెట్టలేదు, పెళ్లికి వెళ్లినట్టు కాదు, పరామర్శకి వెళ్లినట్టు నడిచారు. పెద్ద తెర మీద వీడియో వేస్తే లూకా బెంచీ మీద కూర్చుని తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత లేచి 45 పాయింట్లు కొట్టాడు. మనవాళ్లు 112-97తో ఓడిపోయారు. ఆఖర్లో మనవాళ్లే "ఫైర్ నికో" అని అరుస్తుంటే మావాడు నన్ను అడిగాడు, "మరి ఆయన్ని ఎందుకు పంపేశారు నాన్నా?" అని. "డిఫెన్స్ వల్లే కప్పులొస్తాయి" అన్న నికో మాటని పదకొండేళ్ల పిల్లాడికి ఎలా చెప్పను?

ఇప్పుడు జట్టు చూడండి. డేవిస్, లైవ్లీ, గాఫర్డ్, పి.జె. వాషింగ్టన్, నాజీ మార్షల్, 2025 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌తో వచ్చిన కూపర్ ఫ్లాగ్. అందరూ ఫార్వర్డ్లు, సెంటర్లుగా ఆడే పొడుగువాళ్లే. బంతిని సాఫీగా అవతలి వైపుకి తీసుకెళ్లి ఆట నడిపే పాయింట్ గార్డ్ లేడు. కైరీకి మార్చిలో మోకాలి లిగమెంట్ తెగింది. అది తెలిసి కూడా వేసవిలో డాంజెలో రసెల్ ఒక్కణ్ణి తెచ్చి సరిపెట్టారు. సీజన్ మొదటి రోజే కోచ్ కిడ్ 18 ఏళ్ల ఫ్లాగ్‌ని పాయింట్ గార్డ్‌గా దింపాడు. సొంత అరీనాలో స్పర్స్ చేతిలో 125-92. పిల్లాడి తప్పేం లేదు. డ్యూక్ యూనివర్సిటీలో ఫార్వర్డ్‌గా ఆడినవాడికి పెద్దల లీగ్‌లో మొదటిరోజే స్టీరింగ్ చేతిలో పెట్టారు.

ఫ్లాగ్ మనకి దొరకడం ఎవరి తెలివీ కాదు. మొదటి పిక్ ఎవరిదో తేల్చే డ్రాఫ్ట్ లాటరీలో మనకున్న అవకాశం 1.8 శాతం. దేవుడిచ్చాడు. ఆ వరాన్ని కూడా పాడుచేస్తారేమోనని నా భయం. ఏమంటారు?

•

ఉప్పల్_హూప్స్ (హైదరాబాద్):

అన్నా, పొద్దున్నే ఫోన్‌లో మ్యాచ్ పెట్టుకుని చూసి ఆఫీసుకి పోయేటోణ్ణి నేను. నీ బాధ నాకూ ఉంది. కానీ డేవిస్ మీద నీ మాట ఒప్పుకోను.

ఇప్పుడు అతను పిక్క గాయంతో కూర్చున్నడు. అక్టోబర్ 29 తర్వాత ఆడలేదు. ఈ ఏడాది జీతం 54 మిలియన్లు, వచ్చే ఏడాది 58 దాటుతది, ఆ తర్వాతి ఏడాది ఆప్షన్ అతని చేతిలో 62 పైన. గాయపడ్డ 32 ఏళ్ల ఆటగాణ్ణి ఈ జీతంతో అమ్మబోతే ఎవడైనా పప్పు బెల్లాల ధరే చెప్తడు. లూకాని తొందరపడి తక్కువకి అమ్మినరని నువ్వే అంటున్నవు. మళ్లీ అదే తొందర ఎందుకు? జనవరి దాకా ఆడనీ, నాలుగు మంచి ఆటలు పడనీ, అప్పుడు బేరం.

ఇంకోటి. నికో చేసినవన్నీ చెడ్డవి కావు. 2024 ఫిబ్రవరిలో గాఫర్డ్, వాషింగ్టన్ వచ్చినంకనే ఫైనల్స్ దాకా పోయినం. ఓక్లహోమాని ఆరో ఆటలో ఇంటికి పంపిన ఫ్రీ త్రోలు వాషింగ్టన్‌వే. 2023ల లైవ్లీని 12వ పిక్‌తో పట్టుకున్నది కూడా ఆయన హయాంలనే. చిన్న పనులు బాగ చేసినాయనకి పెద్ద పని అప్పజెప్పి, పైన అడిగేటోడు లేకుండ చేసింది ఎవరు? 2023 డిసెంబర్‌లో మార్క్ క్యూబన్ జట్టుల మెజారిటీ వాటాని అడెల్సన్ కుటుంబానికి అమ్మినంక, బాస్కెట్‌బాల్ తెలిసిన మనిషి ఓనర్ కుర్చీల లేకుండ పోయిండు. ఆ కుటుంబం తరఫున జట్టు నడిపే పాట్రిక్ డ్యుమాంట్ సంతకం పెట్టకపోతే ఆ ట్రేడ్ అయ్యేదా? నికో ఒక్కని మీద వేసి చేతులు దులుపుకుంటే ఎట్ల?

•

టారెన్స్_శ్రీను (కాలిఫోర్నియా):

నేను లేకర్స్ అభిమానిని, కొట్టకండి. విక్టరీ_స్టేషన్ గారూ, మీ పోస్టు చదివి మనసు బరువెక్కింది. ఆ ట్రేడ్ వార్త వచ్చిన రాత్రి మా వాట్సాప్ గ్రూపులో అందరం ఎవరో అకౌంట్ హ్యాక్ చేశారనుకున్నాం.

డేవిస్ గురించి ఒక్క మాట. 2020 కప్పు అతను లేకుండా మాకు వచ్చేది కాదు. మంచి మనిషి, ఆడినంతసేపూ ప్రాణం పెడతాడు. డల్లాస్‌లో మొదటి ఆటే చూడండి, హ్యూస్టన్ మీద 26 పాయింట్లు, 16 రీబౌండ్లు, 7 అసిస్టులు, 3 బ్లాకులు. అదే ఆటలో గాయపడి మార్చి 24 దాకా లేడు. ఆ సీజన్‌లో మీకు ఆడింది మొత్తం 9 ఆటలు. మేం ఐదారేళ్లు చూసిందీ ఇదే. ఆరోగ్యంగా ఉంటే లీగ్‌లో అంత బాగా డిఫెన్స్ చేసేవాళ్లు కొద్దిమంది. కానీ అతని చుట్టూ మూడేళ్ల ప్లాన్ వేసుకునే వయసు దాటిపోయింది. ఉప్పల్ తమ్ముడు చెప్పినట్టు కోలుకున్నాక అమ్మండి, కానీ అమ్మండి. అతన్ని మాత్రం తిట్టకండి, తనని పంపమని అతను అడగలేదు. పక్కన ఒక సెంటర్‌ని తెచ్చిపెట్టమని మాత్రమే ఇక్కడ లేకర్స్‌లో ఉన్నప్పుడు అడిగాడు.

•

లక్ష్మి_ఫ్రిస్కో:

మా ఇంట్లో మావ్స్ పాత స్టార్ డర్క్ నోవిట్స్కీ కాలం నుంచి సీజన్ టికెట్లున్నాయి. లూకాని పంపిన నెల రోజులకే ధరలు సగటున 8 శాతానికి పైగా పెంచారు. డబ్బు కంటే ఆ సమయమే నొప్పించింది. జనం డర్క్ విగ్రహం దగ్గర పూలు పెట్టి ఏడుస్తుంటే పెంచాల్సిన ధరలా అవి?

కిడ్ గురించి ఎవరూ అనట్లేదు, నేనంటాను. ఫ్లాగ్‌ని పాయింట్ గార్డ్‌గా ఆడించడం ఆపాలి. మా అమ్మాయి హైస్కూల్ జట్టులో ఆడుతుంది. ఫ్లాగ్‌ని చూసి ఇంట్లో చెప్పింది: "మొదటి ఎనిమిది సెకన్లూ బంతి కాపాడుకోవడానికే అయిపోతున్నాయి, ఇక ఆడేదెప్పుడు?" అని. నాకు కోచ్‌ల మాట కంటే ఆ మాట నచ్చింది. చిన్న గార్డులు మీద పడి నొక్కుతుంటే అతను సగం కోర్టు దాటేసరికే అలసిపోతున్నాడు. కోర్టు అంచు నుంచి చొచ్చుకుంటూ రింగు వైపు వెళ్లినప్పుడు చూడండి, వేరే మనిషి. పెద్ద పేరు అక్కర్లేదు, బంతిని అటు చేర్చి అతనికి అందించే మామూలు గార్డ్ ఒక్కడు చాలు.

•

విక్టరీ_స్టేషన్ (ఇర్వింగ్, టెక్సస్):

లక్ష్మి గారూ, మీ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. శ్రీను గారూ, డేవిస్‌ని నేను తిట్టను. అతన్ని తెచ్చినవాళ్ల మీదే నా కోపమంతా.

ఉప్పల్ తమ్ముడూ, ఓనర్ విషయంలో నీతో ఏకీభవిస్తాను. "ఆగుదాం" అన్నదాంట్లో మాత్రం ఒక చిక్కుంది. మన పిక్స్ సంగతి చూడు. 2027ది షార్లెట్‌కి వెళ్లింది, మొదటి రెండు స్థానాల్లో పడితేనే మనకి. 2028ది ఓక్లహోమాకి మార్చుకునే హక్కు (వాళ్ల పిక్ కంటే మనది మెరుగైతే మార్చుకుంటారు). 2029ది కైరీ కోసం ఇచ్చేశాం. 2030ది స్పర్స్‌కి మార్చుకునే హక్కు. అంటే పూర్తిగా మన చేతిలో ఉన్న సొంత పిక్ 2026 ఒక్కటే, ఆ తర్వాత మళ్లీ 2031. ఫ్లాగ్ పక్కన అతని ఈడు కుర్రాణ్ణి డ్రాఫ్ట్‌లో తెచ్చుకునే దారి ఈ ఒక్క ఏడాదే తెరిచి ఉంది. ఎక్కువ ఓడిన జట్టుకే ముందు పిక్ దొరికే అవకాశం ఎక్కువ. డేవిస్ కోలుకుని, కైరీ వచ్చి, ఒక పది ఆటలు ఎక్కువ గెలిచి పదో స్థానంతో ప్లే-ఇన్ (ప్లేఆఫ్స్ చోటు కోసం ఆడే అర్హత ఆటలు) ఆడితే ఏమొస్తుంది? పోయినసారి అదే చేశాం. 39 గెలిచి, 43 ఓడి, శాక్రమెంటోని కొట్టి మెంఫిస్ చేతిలో పోయాం. ఈసారి కూడా ఆ 1.8 శాతమే మనల్ని కాపాడుతుందా?

జీతాల లెక్కలో సెకండ్ ఆప్రాన్ గీతకి (జట్టు జీతాల మీద లీగ్ పెట్టిన పై హద్దు, దాటితే ట్రేడ్లకి ఆంక్షలు) ఆనుకుని ఉన్నాం కాబట్టి బయటి నుంచి గార్డ్‌ని కొనడమూ కష్టమే. డేవిస్ జీతం కదిలితేనే ఊపిరాడుతుంది. రెండు పిక్స్, ఒక కుర్ర గార్డ్ ఇస్తామని ఎవరైనా అంటే నేను ఆ రోజే సంతకం పెడతాను.

ఇప్పుడు, 2025 నవంబర్‌లో, జీఎం పని తాత్కాలికంగా మైఖేల్ ఫిన్లీ, మాట్ రికార్డి చూస్తున్నారు. ఫిన్లీ ఈ జెర్సీ వేసుకుని ఏళ్లపాటు ఆడినవాడు, ఈ ఊరి మనసు అతనికి తెలుసు. పోయిన వేసవిలో సంతకం చేసినవాళ్లలో చాలామందిని డిసెంబర్ 15 నుంచి ట్రేడ్ చేయొచ్చు, అసలు బేరాలు అప్పుడే మొదలవుతాయి. అప్పటిదాకా మీ మాట చెప్పండి: డేవిస్‌కి బదులుగా కనీసం ఏమొస్తే ఒప్పుకుంటారు? ఏ జట్టు నుంచో పేరు పెట్టి రాయండి.

•

ఉప్పల్_హూప్స్ (హైదరాబాద్):

పిక్స్ లెక్క చూసినంక సగం నీ వైపు వచ్చిన అన్నా. నా షరతు ఒక్కటే, ఈసారి కనీసం ఐదు జట్లకి ఫోన్ చేయాలె. తూర్పున కుర్రవాళ్లతో, బోలెడు పిక్స్‌తో ఉండి పెద్ద ఆటగాడు లేని జట్లు రెండు మూడున్నయి. నవంబర్ 28న లాస్ ఏంజెలెస్‌ల లేకర్స్‌తో మ్యాచ్ ఉంది, అంతలోపు డేవిస్ తిరిగొస్తే అతని కదలిక చూసి రాత్రికి జాబితా పెడత.