యాక్టివ్ డైరెక్టరీలో ఎల్‌డ్యాప్ సెర్చ్ కొడితే 1000 మందే వస్తున్నారు, మిగతావాళ్లు ఏరీ?

కోడ్‌పిల్లోడు:
అన్నలూ, మా ఇంటర్నల్ యాప్‌లోకి యాక్టివ్ డైరెక్టరీ (కంపెనీ యూజర్లు, గ్రూపుల వివరాలుండే మైక్రోసాఫ్ట్ డైరెక్టరీ) యూజర్లని, డైరెక్టరీని అడిగే ఎల్‌డ్యాప్ ప్రోటోకాల్‌తో రోజూ రాత్రి సింక్ చేసే పైథాన్ స్క్రిప్ట్ ఒకటి రాశా. 389 పోర్టు, సర్వీస్ అకౌంట్‌తో సింపుల్ బైండ్ (పేరు, పాస్‌వర్డ్‌తో లాగిన్), బేస్ డీఎన్ (డీఎన్ అంటే ఎంట్రీ పూర్తి అడ్రస్, వెతకడం అక్కడి నుంచే) డొమైన్ రూటే, స్కోప్ సబ్‌ట్రీ (దాని కింద ఉన్నవన్నీ). డైరెక్టరీలో 2600 పైచిలుకు యూజర్లున్నారు కానీ సరిగ్గా 1000 దగ్గర ఆగిపోతోంది, ఎర్రర్ కూడా ఏం రావట్లేదు. ఇంకో వింతేంటంటే చిన్న గ్రూపుల మెంబర్లు బానే వస్తున్నారు, స్టాఫ్ అందరూ ఉండే పెద్ద గ్రూప్ మాత్రం ఖాళీగా వస్తోంది. కన్సోల్‌లో చూస్తే నిండుగా ఉంది మరి. పర్మిషన్ సమస్యా ఇది?

సర్వర్‌రూమ్:
పర్మిషన్ కాదు బ్రో. డొమైన్ కంట్రోలర్‌లో (డైరెక్టరీని నడిపే సర్వర్) మ్యాక్స్‌పేజ్‌సైజ్ అనే లిమిట్ ఉంటుంది, డిఫాల్ట్ 1000. ఎన్‌టీడీఎస్‌యుటిల్ అనే టూల్‌లోకెళ్లి 5000 చేసెయ్, అయిపోద్ది.

రూట్‌బాబాయ్:
ఆ పని మాత్రం చేయకు తమ్ముడూ. అది మీ స్క్రిప్ట్ ఒక్కదానికే తగిలే సెట్టింగ్ కాదు, అది ఉండే డిఫాల్ట్ క్వెరీ పాలసీ మారిస్తే ఫారెస్ట్‌లో (కలిపి ఉన్న డొమైన్లన్నీ) ఉన్న డొమైన్ కంట్రోలర్లన్నిటికీ వర్తిస్తుంది, ఎవడో అన్నీ లాగే క్వెరీ కొడితే ఆ బరువు సర్వర్ మోయాలి. పైగా విండోస్ సర్వర్ 2008 ఆర్2 నుంచి ఎంత పెట్టినా 20000 దాటనివ్వదు, రేపు యూజర్లు పెరిగితే మళ్లీ ఇదే గోల.

లిమిట్ ఉన్నది ఒక్కసారికి ఎన్ని ఇవ్వాలి అన్నదాని మీదే, మొత్తం మీద కాదు. దీనికోసమే పేజ్డ్ రిజల్ట్స్ కంట్రోల్ ఉంది, 1999లోనే ఆర్ఎఫ్‌సీ 2696 అనే ఇంటర్నెట్ టెక్నికల్ డాక్యుమెంట్‌గా వచ్చింది. నువ్వు 500 చొప్పున ఇవ్వమని అడుగుతావు, సర్వర్ 500 ఎంట్రీలతో పాటు ఎక్కడిదాకా ఇచ్చిందో గుర్తుగా ఒక కుకీ ఇస్తుంది, అది తిప్పి పంపితే తర్వాతి 500, కుకీ ఖాళీగా వచ్చిందంటే ఇక లేవని. పైథాన్‌లో ఎల్‌డ్యాప్3 లైబ్రరీ వాడుతుంటే పేజ్డ్ సెర్చ్ అని రెడీమేడ్ ఫంక్షనే ఉంది. ఒక్కటి చూస్కో, కుకీ అదే కనెక్షన్ మీద వెళ్లాలి, మధ్యలో లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్టుల్ని సర్వర్లకి పంచేది) ఇంకో డొమైన్ కంట్రోలర్ దగ్గరికి తోసిందంటే పనిచేయదు.

ఎర్రర్ రాలేదన్నావు కదా, వచ్చే ఉంటుంది. సర్వర్ 1000 ఎంట్రీలు ఇచ్చి చివర్లో రిజల్ట్ కోడ్ 4, అంటే సైజ్ లిమిట్ దాటింది అని చెప్తుంది, ఆ లైబ్రరీ డిఫాల్ట్‌గా ఎక్సెప్షన్ లేపదు కాబట్టి రిజల్ట్ నువ్వే తీసి చూడాలి.

కోడ్‌పిల్లోడు:
సూపర్ బాబాయ్, పేజింగ్ పెట్టగానే అందరూ వచ్చేశారు, రిజల్ట్‌లో కోడ్ 4 కూడా ఉంది పాత లాగ్‌లో. కానీ పెద్ద గ్రూప్ ఇంకా ఖాళీయే.

రూట్‌బాబాయ్:
అది వేరే లిమిట్. ఒక ఆట్రిబ్యూట్‌లో (ఎంట్రీలోని ఫీల్డ్, ఇక్కడ గ్రూప్ మెంబర్ల లిస్టు ఉండే మెంబర్) విలువలు 1500 దాటితే సర్వర్ మెంబర్ అనే పేరుతో ఏమీ ఇవ్వదు, మెంబర్ పేరు పక్కన రేంజ్ 0-1499 అని తగిలించి ఇంకో పేరుతో ఇస్తుంది, నీ కోడ్ పాత పేరు కోసమే వెతుకుతోంది. 1500 నుంచి మళ్లీ అడుగు, అలా రేంజ్ చివర నక్షత్రం గుర్తు వచ్చేదాకా.

బిట్‌మాస్క్:
ఇంకో రెండు చెప్తా. డొమైన్ యూజర్స్ లాంటి ప్రైమరీ గ్రూప్ అసలు గ్రూప్ ఎంట్రీలోని మెంబర్‌లో గానీ యూజర్ ఎంట్రీలోని మెంబర్‌ఆఫ్‌లో (ఏ గ్రూపుల్లో ఉన్నాడో చెప్పేది) గానీ కనపడదు, దాని నంబర్ యూజర్ ఎంట్రీలో ప్రైమరీగ్రూప్‌ఐడీలో ఉంటుంది, మామూలుగా 513. గ్రూపులో గ్రూపులుంటే 1.2.840.113556.1.4.1941 మ్యాచింగ్ రూల్ ఫిల్టర్‌లో పెడితే లోపలి లెవెల్స్ కూడా వస్తాయి, పెద్ద డైరెక్టరీలో మాత్రం బాగా స్లో.

ఆ 389 మీద టీఎల్ఎస్ ఎన్‌క్రిప్షన్ లేకుండా సింపుల్ బైండ్ అంటే సర్వీస్ అకౌంట్ పాస్‌వర్డ్ నెట్‌వర్క్‌లో ఓపెన్‌గా పోతున్నట్టే కదా, ముందు స్టార్ట్‌టీఎల్ఎస్ పెట్టు (అదే పోర్టు మీద టీఎల్ఎస్ మొదలెట్టేది) లేదా మొదటి నుంచే టీఎల్ఎస్ ఉండే 636 పోర్టుకి మార్చు. యాప్‌లో లాగిన్ కూడా ఎల్‌డ్యాప్ బైండ్‌తోనే అయితే ఖాళీ పాస్‌వర్డ్‌ని నీ కోడ్‌లోనే ఆపేయ్, డీఎన్ ఇచ్చి పాస్‌వర్డ్ ఖాళీగా పంపితే చాలా సర్వర్లు దాన్ని అనానిమస్ బైండ్ (ఎవరో చెప్పకుండా లోపలికొచ్చేది) కింద తీసుకుని సక్సెస్ అంటాయి, నీ యాప్ ఏమో లాగిన్ అయింది అనుకుంటుంది.

సర్వర్‌రూమ్:
ఓపెన్‌ఎల్‌డ్యాప్‌లో (ఓపెన్ సోర్స్ ఎల్‌డ్యాప్ సర్వర్) కూడా ఇంతేనా?

రూట్‌బాబాయ్:
అక్కడ డిఫాల్ట్ 500, పైగా పేజింగ్ పెట్టినా మొత్తం మీద లిమిట్ పడుతుంది. సర్వర్ కాన్ఫిగ్‌లో ఆ సర్వీస్ అకౌంట్ ఒక్కదానికే లిమిట్ పెంచుకోవచ్చు, అందరికీ తెరవక్కర్లేదు.