అప్‌డేట్: లెక్క మధ్యలో "కిల్డ్" అని ఆగిపోవడం, కారణం దొరికింది

విశాఖ ల్యాబ్‌లోని 32 జీబీ ర్యామ్ ఉన్న ఉబుంటు (లినక్స్) వర్క్‌స్టేషన్‌లో, పదేళ్ల సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతల మీద పైథాన్ లెక్క సగంలో ఆగిపోతోందని అడిగాను కదా. ఈ ఉక్కపోతకు సీపీయూ వేడెక్కుతోందన్న నా అనుమానం తప్పు. మీరు చెప్పినట్టు కెర్నెల్ లాగ్ (ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకునే చిట్టా) చూస్తే "ఔట్ ఆఫ్ మెమరీ" లైను ఎదురుగా కనబడింది. అంటే మెమరీ చాలక సిస్టమే లెక్కను ఆపేస్తోంది.

నా డేటాది పావు డిగ్రీ గ్రిడ్, అంటే భూగోళం మీద పావు డిగ్రీకో గడి: 1440 × 720 గళ్లు. పదేళ్లకు 3653 రోజులు. ఫైల్లో ఒక్కో విలువ 2 బైట్లే, మెమరీలోకి విప్పాక 8. అంటే సుమారు 30 జీబీ. పైగా విలువల్లోంచి సగటును తీసివేసే లైను ఇంకో పూర్తి కాపీ చేస్తుంది: మొత్తం 60 జీబీ!

ముందు 2 జీబీ స్వాప్‌ను (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) 32కి పెంచాను (ఫైల్ పర్మిషన్ 600 పెట్టడం, రీబూట్ అయ్యాకా స్వాప్ ఉండేలా ఎఫ్‌స్టాబ్ సెట్టింగుల ఫైల్లో లైను రాయడం మరవొద్దు). ప్రాసెస్ చావలేదు గానీ మెషీన్ నత్తనడక. మెమరీ వాడకం చూపే వీఎమ్‌స్టాట్ కమాండ్‌లో స్వాప్ రాకపోకల అంకెలు సున్నాకి దిగనేలేదు.

పనిచేసింది వేరే: లోడ్ చేయకముందే బంగాళాఖాతం ముక్క (80–100 తూర్పు, 5–25 ఉత్తరం) కోయడం. 6400 గళ్లు, 187 ఎంబీ, అంతే. ప్రపంచం మొత్తం కావాలంటే అక్షాంశాల వారీగా 90 వరుసల పట్టీలు ఎనిమిది, ఒక్కోటీ 3.8 జీబీ.

అన్నట్టు, జూపిటర్ (బ్రౌజర్‌లో పైథాన్ రాసే నోట్‌బుక్) ట్యాబ్ మూసినా దాని కెర్నెల్, అంటే వెనక నడిచే పైథాన్ ప్రాసెస్, బతికే ఉంటుంది, మెమరీ వదలదు. షట్‌డౌన్ నొక్కాల్సిందే.