మహేంద్రగిరి ఎక్కేటప్పుడు చీజ్ మోసుకెళ్ళొచ్చా? కొండ మీద ఫ్రిజ్ ఉండదు కదా!

వంశధార గట్టు (చర్చ మొదలెట్టినవారు)
అందరికీ నమస్కారం. సంక్రాంతి వెళ్ళిన వారం ఆరుగురం మందస వైపు నుంచి మహేంద్రగిరి ఎక్కుతున్నాం. రెండు రాత్రులు, మూడు పగళ్ళు. తిండి లెక్క నాకు అంటగట్టారు. అటుకులు, ఉప్మా రవ్వ, చింతకాయ పచ్చడి, వేరుశనగ ఉండలు... ఇంతవరకూ గొడవ లేదు. మా బావ హైదరాబాదు నుంచి చెడ్డార్ చీజ్ అర కిలో ముక్క తెస్తానంటున్నాడు. చపాతీలో చుట్టుకుని తినేస్తే ఒక పూట పొయ్యి వెలిగించే పని తప్పుతుందట. కవరు మీదేమో 4 డిగ్రీల లోపు ఉంచమని ఉంది. మా అమ్మ "పాల సరుకు మూడ్రోజులు సంచిలో పెట్టుకు తింటారా, కొండ మీద కడుపు పట్టుకు కూర్చుంటారు" అంటోంది. ఎవరి మాట వినాలి?

కొండదారి
మీ బావ మాటే వినండి. పాలు నిలవుండవనే కదా జనం చీజ్ చేసుకోవడం మొదలెట్టింది! చీజ్ వేల ఏళ్ళ నాటిది, ఇళ్ళలోకి ఫ్రిజ్ నిన్నగాక మొన్న వచ్చింది. చలికాలంలో నాలుగుసార్లు తీసుకెళ్ళాను, ఒక్కసారీ ఏమీ కాలేదు.

పలాస గుంటడు
ఏటన్నా నువ్వు! చీజ్ సేసుకున్నోళ్ళ ఊళ్ళో ఎండ ఏపాటుంటాదో సూసావా? ఆళ్ళు నేలమాళిగల్లో దాసుకున్నారు, 10, 12 డిగ్రీల సల్లదనంలో. మన కాశీబుగ్గ బస్టాండులో ఆ సంచి ఓ గంట ఎండకెట్టి అప్పుడు సెప్పు యేల ఏళ్ళ ముచ్చట.

కొండదారి
జనవరిలో కాశీబుగ్గ ఎండ గురించి బెదిరిస్తున్నావా తమ్ముడూ? పైగా మహేంద్రగిరి 1,501 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీల పైనే తగ్గుతుంది. శిఖరం దగ్గర రాత్రి దుప్పటి సరిపోదు, నీ చీజ్‌కేమవుతుంది!

పలాస గుంటడు
శిఖరం మీదకి హెలికాప్టర్లో ఎల్తారేటి? పగలంతా సంచి కిందనే కదా ఉంటాది. అదీ ఈపుకి ఆనుకుని, సెమటతో.

పాలకేంద్రం పార్వతి
ఇద్దరూ ఆగండి బాబూ. పాల శీతలీకరణ కేంద్రంలో పదకొండేళ్ళు పనిచేశాను, తెలిసింది చెప్తాను. "చీజ్" అని ఒకే మాట అనుకోవడం దగ్గరే మీరిద్దరూ దారి తప్పుతున్నారు. చూడాల్సింది అందులో ఎంత నీరు మిగిలిందని. పర్మెజాన్ లాంటి గట్టిదాంట్లో దాదాపు మూడోవంతు నీరు, చెడ్డార్‌లో అంతకి కాస్త ఎక్కువ. మొజరెల్లాలో సగం. మన పనీర్‌లో సగం పైనే. నీరు తక్కువ, ఉప్పు ఉంది, పులుపు ఉంది అంటే సూక్ష్మజీవికి బతుకు కష్టం. మాగాయ ముక్క నిలవుంటుంది, అదే మామిడికాయ ముక్కల పప్పు మర్నాటికి పాడవుతుంది. అంతే తేడా.

కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిపోతే ఏది ఉంచాలి, ఏది పారేయాలి అని అమెరికా ప్రభుత్వం వాళ్ళ జనానికి ఇచ్చే పట్టికలో కూడా ఇదే విభజన. 4 డిగ్రీలు దాటి రెండు గంటలైతే మెత్తని చీజ్‌లు పారేయమంటారు. చెడ్డార్, పర్మెజాన్ లాంటి గట్టివీ, ప్రాసెస్ చేసినవీ (అంటే చీజ్‌ని కరిగించి మళ్ళీ అచ్చు పోసినవి) ఉంచుకోవచ్చంటారు. అయితే అది ఇంట్లో కరెంటు పోయినప్పటి మాట, మూడ్రోజుల కొండ ప్రయాణానికి రాసిచ్చిన హామీ కాదు.

గంటస్తంభం కాడ
విజయనగరం నుంచి ఒక అనుభవం. కిందటి నవంబరులో తాటిపూడి జలాశయం పక్కన గుడారాలేసుకున్నాం. పనీర్ కిలో పట్టుకెళ్ళాను. తడిగుడ్డ చుడితే చల్లగా ఉంటుందన్నారు, చుట్టాను. మన గాలిలో తేమకి ఆ గుడ్డ ఆరితేగా చల్లబడడానికి! మర్నాడు మధ్యాహ్నం విప్పితే ముక్క జారుతోంది, వేలికి తీగలా జిగురు అంటింది. వాసన మరీ చెడ్డగా ఏం లేదు, కాస్త పుల్లగా, అంతే. "మరిగిస్తే ఏదైనా చస్తుంది" అని మసాలాలో పది నిమిషాలు కుతకుతలాడించి తినేశాం. రాత్రి ఎనిమిదికల్లా ఇద్దరు పొదల్లోకి పరుగు. మూడోవాణ్ణి నేను.

పాలకేంద్రం పార్వతి
మీకు పట్టింది ఏ పురుగో నేను చెప్పలేను గానీ "మరిగిస్తే చస్తుంది" అన్నది మాత్రం వదిలేయండి. చేతి మీద, ముక్కులో ఉండే స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా తిండిలో పెరిగితే ఒక విషం వదులుతుంది. మరిగిస్తే బాక్టీరియా చస్తుంది, విషం పోదు. పనీర్‌లో ఉప్పుండదు, పులుపూ అంతంతమాత్రమే, పైగా చేత్తో కోస్తాం. కొండకి పనీర్ వద్దే వద్దు.

కొండదారి
నేను మొదట్నుంచీ అంటున్నదదే కదా!

పలాస గుంటడు
అన్నా, నువ్వు పనీర్ మాటే ఎత్తలేదు.

కొండదారి
సరే, ఎత్తలేదు. ప్రాసెస్డ్ చీజ్ మాట ఎత్తుతాను. 1911లో స్విట్జర్లాండులో మొదలైందది. తర్వాత 1916లో అమెరికాలో క్రాఫ్ట్ అనే చీజ్ వ్యాపారి పేటెంటు తీసుకున్నాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులకి డబ్బాల్లో పంపారు. కందకాల్లో ఫ్రిజ్ ఉందా? క్యూబులు రేకులో చుట్టి ఉంటాయి, ఒక్కోటి ఒక్కో నోటికి. చెయ్యి తగలదు, కత్తి అక్కర్లేదు.

పాలకేంద్రం పార్వతి
కందకాలకి వెళ్ళింది సీలు వేసిన డబ్బా అండీ. క్యూబు రేకు అంత గట్టిది కాదు, నలిగి చిరిగితే గాలి, చీమలు రెండూ వెళ్తాయి. అయినా అర కిలో ముక్క కంటే క్యూబులే నయం అన్నది ఒప్పుకుంటాను.

వంశధార గట్టు
మీ పోట్లాట చదివి మొన్న ఇంట్లో పరీక్ష పెట్టాను. చెడ్డార్ ముక్క ఒకటి పలచటి నూలుగుడ్డలో, ఇంకోటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి వంటింటి అటక మీద మూడ్రోజులు. ప్లాస్టిక్‌ది రెండో సాయంత్రానికే ఒళ్ళంతా చెమట పట్టినట్టు నూనె కక్కింది, కవరు లోపల పసుప్పచ్చ చుక్కలు. గుడ్డలోది అంచులు ఎండి గట్టిపడి సబ్బుముక్కలా తయారైంది గానీ లోపల బాగానే ఉంది. నేను తిన్నాను. అమ్మ ముట్టుకోలేదు. మా పిల్లి కూడా వాసన చూసి వెళ్ళిపోయింది, దాన్ని లెక్కలోకి తీసుకోవాలా?

పాలకేంద్రం పార్వతి
నూనె కక్కడం పాడవడం కాదు. 30 డిగ్రీలు దాటేసరికి పాల కొవ్వు చాలా భాగం కరిగిపోతుంది, పైకి వచ్చేస్తుంది. రుచి చెడుతుంది గానీ ప్రమాదం కాదు. బూజు పట్టినా గట్టి చీజ్‌కి ఆ మచ్చ చుట్టూ, కిందా రెండున్నర సెంటీమీటర్లు కోసి పారేసి మిగతాది తినొచ్చు. బూజు మీదుగా కత్తి లాగకండి. మెత్తనిదానికి బూజు పడితే మొత్తం పారేయడమే. గర్భిణులు ఎవరైనా మీతో వస్తుంటే ఈ ప్రయోగాలేవీ వద్దు.

పలాస గుంటడు
ఇంత తంతు దేనికండీ? లెక్క సూడండి. నూరు గ్రాముల చెడ్డార్ 400 కేలరీలు. నూరు గ్రాముల జీడిపప్పు 550. వేరుశనగ్గింజలు 560 పైన, మాంసకృత్తులూ చీజ్‌తో సమానం. ఎండ లేదు, ఫ్రిజ్ లేదు, బూజు కోత లేదు. జీడిపప్పు ఊళ్ళోంచి ఎల్తూ హైదరాబాదు చీజ్ మొయ్యడవేటి!

గంటస్తంభం కాడ
ఇది నిజం. నేనిప్పుడు నెయ్యి డబ్బా, కందిపొడి, జీడిపప్పు. అంతే.

కొండదారి
నిజమేనయ్యా. కానీ రెండో రోజు సాయంత్రం చలిలో, పొడి అన్నం తిని తిని నోరు చచ్చాక, వేడి చపాతీ మీద చీజ్ కరుగుతుంటే... దానికి కేలరీల లెక్క వేసుకునేవాడు కొండెక్కడం ఎందుకు, ఇంట్లో కూర్చోవచ్చు.

పలాస గుంటడు
మందస కోవా ఉండగా అదెందుకన్నా?

పాలకేంద్రం పార్వతి
కోవా కూడా పాల సరుకే గుంటడా. కొన్న రోజే తినేయండి.

వంశధార గట్టు
సరే, తేల్చేశాను. అర కిలో కాదు, పావు కిలో చెడ్డార్. ముందు రాత్రి డీప్ ఫ్రీజర్లో పెట్టి, నూలుగుడ్డ చుట్టి, పడుకునే సంచి మధ్యలో దోపుతాను. పొడిపొడిగా అయితే అయింది. రెండో రోజు పగటికల్లా ఖాళీ చేసేయాలి, మూడో రోజుకి మిగిలితే నేలపాలే. పనీర్ లేదు. క్యూబులు ఎవరివి వాళ్ళే మోసుకోవాలి. జీడిపప్పు కిలోన్నర, పలాస గుంటడి ఖాతాలో.

ఇక మిగిలింది కత్తి. ప్రతిసారీ ఒకే కత్తితో ఉల్లిపాయ, చీజ్, తాడు అన్నీ కోసేస్తాడు మా బావ. ఈసారి రెండు కత్తులు తెస్తున్నాను, చీజ్ కత్తి నా జేబులోనే ఉంటుంది.

పలాస గుంటడు
నా ఖాతా ఏటి? ఎవుడడిగాడు నన్ను?