స్టిక్కర్ ఇవ్వని పిల్లలకి పంచుకోవడం రానట్టేనా?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని, జనగామ)

నమస్కారం అండీ. నేను ఎమ్మెస్సీ మానవ వికాసం ఫైనలియర్. ఇక్కడికి దగ్గర్లోని ఒక అంగన్‌వాడీలో మూడు నుంచి ఐదేళ్ల పిల్లలతో ప్రాజెక్ట్ చేస్తున్నాను. పిల్లల్ని ఒక్కొక్కరినే పక్క గదిలోకి పిలిచి ఆరు స్టిక్కర్లు ఇస్తాను. "ఇవన్నీ నీవే. కావాలంటే వేరే పిల్లల కోసం కొన్ని ఈ కవర్లో వెయ్యొచ్చు" అని చెప్పి అటు తిరుగుతాను. చాలామంది ఒక్కటి కూడా వెయ్యట్లేదు.

అదే పిల్లల్ని భోజనానికి ముందు చూడాలి. పెద్ద చాప పరవడానికి ఒక పాప ఇటు కొస పట్టుకుంటే బాబు అటు కొస పట్టుకుంటాడు. వాడికి మడత విప్పడం రాకపోతే పాప లాగకుండా ఆగుతుంది. వాడు సర్దుకున్నాక "ఆ, ఇప్పుడు" అంటుంది. నాలుగేళ్లు నిండాయో లేదో! ఆ పాపకి నా షీట్‌లో సున్నా. అది రాస్తుంటే చాలా టెన్షన్‌గా ఉంది. అసలు నేను కొలుస్తున్నది ఏమిటి?

జవాబు 1 (శిశు మనస్తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను)

సున్నా వచ్చింది కాబట్టి సున్నానే రాయండి. కానీ దాన్ని "సహకారం లేదు" అని చదవొద్దు. ఎదురుగా లేని మనిషికి ఊరికే ఇవ్వడం ఒకటి, ఎదుటివాడి ఇబ్బంది చూసి చెయ్యి వెయ్యడం ఇంకొకటి, కలిసి సంపాదించింది పంచుకోవడం మరొకటి. ఇవన్నీ ఒకే వయసులో రావు.

సాయం చాలా ముందే వస్తుంది. 2006లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమాసెల్లో 18 నెలల పిల్లల్ని పరీక్షించారు. పెద్దాయన బట్టలు ఆరేస్తూ క్లిప్పు జారవిడుస్తాడు, అందక చెయ్యి చాపుతాడు. సాయం అడగడు. మొదటి పది సెకన్లు క్లిప్పు వైపే చూస్తాడు, తర్వాత పిల్లవాడి మొహం కూడా చూస్తాడు, చివరికి "నా క్లిప్పు" అంటాడు, అంతే. ఇలాంటి పనులు కొన్ని పెడితే, 24 మందిలో 22 మంది కనీసం ఒక్కసారైనా ఏదో ఒక పనిలో సాయం చేశారు, అదీ ఎక్కువగా ఆ మొదటి పది సెకన్లలోనే. ఆయన కావాలని పారేసినప్పుడు మాత్రం అంతగా తీసివ్వలేదు. అంటే ఆయనకి ఏం కావాలో ఆ వయసుకే తెలుస్తోంది.

మీకు పనికొచ్చేది 2011లో నేచర్ పత్రికలో వచ్చిన కాథరీనా హామన్ బృందం పని. ఇద్దరు పిల్లలు ఒకే తాడు రెండు కొసలూ కలిసి లాగితేనే బల్ల దగ్గరికొస్తుంది. వచ్చాక ఒకరికి మూడు గోళీలు, ఇంకొకరికి ఒకటి దొరుకుతాయి. కలిసి లాగినప్పుడు మూడేళ్లవాళ్లు చాలాసార్లు తమది ఒకటి ఇచ్చి రెండూ రెండూ చేసుకున్నారు. లాగకుండానే దొరికితే అంతగా ఇవ్వలేదు. మీ చాప పాప చేస్తున్నది కూడా కలిసి చేసే పనే.

జవాబు 2 (అంగన్‌వాడీ టీచర్)

అమ్మా, ఒకటి అడుగుతాను. ఆ పాప స్టిక్కర్లు ఇంటికెళ్లాక ఏమయ్యాయో కనుక్కున్నావా? మా సెంటర్‌లో గుడ్డు ఇక్కడే తినాలి, ఇంటికి పంపం. అయినా ఒక పిల్ల రోజూ సగం గుడ్డు గౌను జేబులో దాస్తుంది. అడిగితే "తమ్ముడికి" అంటుంది. నీ కవర్లో వేస్తే ఎవరికి పోతుందో ఆ పిల్లకేం తెలుసు? ఇంట్లో చిన్నోడున్న పిల్ల బయటివాళ్లకి ముందెందుకు ఇస్తుంది?

పైగా కొత్త మేడమ్ ఒక్కరినే గదిలోకి పిలిస్తే మా పిల్లలు బిగుసుకుపోతారు. ముందు వాళ్లతో కూర్చుని ఆడు, అన్నం వడ్డించు. నిన్ను "అక్కా" అని పిలవడం మొదలుపెట్టాక అడుగు.

జవాబు 1 (మళ్లీ)

టీచర్ గారి మాట నూటికి నూరు పాళ్లు నిజం. 2015లో మన దేశంతో కలిపి ఏడు దేశాల్లో 866 జంటల పిల్లలతో ఒక అధ్యయనం జరిగింది. ఇద్దరికీ వాటాలు చూపించి, ఒప్పుకోవాలో వద్దో ఒకరినే తేల్చమన్నారు. వద్దంటే ఇద్దరికీ ఏమీ రాదు. తనకి తక్కువొస్తే "అయితే ఇద్దరికీ వద్దు" అనడం అన్ని చోట్లా కనిపించింది. తనకి ఎక్కువొచ్చినా వద్దనడం అమెరికా, కెనడా, ఉగాండాల్లో మాత్రమే, అదీ కాస్త పెద్ద పిల్లల్లో. దీన్నిబట్టి మిగతా నాలుగు దేశాల పిల్లలకి న్యాయం తెలియదనడం నేను ఒప్పుకోను. ఎవరితో, ఏ పనిలో, ఎవరి కోసం అన్నదాన్నిబట్టి అది మారుతుంది.

ఇంకోటి. పంచినవాళ్లకి చాక్లెట్ ఇవ్వకండి. 20 నెలల పిల్లలకి సాయం చేసినప్పుడల్లా బహుమతి ఇస్తే, అది ఆపేశాక వాళ్ల సాయం తగ్గిందని 2008లో చూశారు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. ఈ వారమంతా టీచర్ గారితో కలిసి వడ్డిస్తాను. స్టిక్కర్ లెక్క అలాగే ఉంచి, తల్లుల్ని "ఇంటికెళ్లాక ఎవరికిచ్చింది?" అని ఒక్క ప్రశ్న అడుగుతాను. గైడ్ గారు ఒప్పుకుంటే జంటలుగా తాడు లాగే పని కూడా పెడతాను. పీట మీద అట్టపెట్టె బిగించి చేస్తే సరిపోతుందా?

జవాబు 2

పీట బరువు, చాపే మేలు. నైలాన్ తాడు వద్దమ్మా, అరచేతులు ఒరుసుకుపోతాయి. నూలు తాడు తెచ్చుకో.