అమెరికా అంతర్యుద్ధం బానిసత్వం కోసమా, రాష్ట్రాల హక్కుల కోసమా?

గోదారిగట్టు:
మా అబ్బాయి అట్లాంటాలో చదువుతున్నాడు. 'ఆ యుద్ధానికి బానిసత్వం కారణం కాదు, దిగుమతి సుంకాలు, రాష్ట్రాల హక్కులే కారణం' అని వాడి ఇంటి ఓనరు చెప్పాడట. నాకూ కొంత నిజమే అనిపిస్తోంది. బానిసత్వం ఉన్న రాష్ట్రాల్లో దాని జోలికి పోనని లింకన్ 1861 మార్చి 4న, అధ్యక్ష పదవి చేపట్టిన రోజే చెప్పాడు కదా. మరి దక్షిణాది దేనికి భయపడింది?

పాతపటం:
దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలవాళ్ళే కారణం రాసి పెట్టారండీ. సౌత్ కరోలినా 1860 డిసెంబరు 20న విడిపోయింది. నాలుగు రోజులకు వెలువడిన ప్రకటనలో దాని ప్రధాన ఫిర్యాదు ఏమిటంటే, పారిపోయిన బానిసలను ఉత్తరాది రాష్ట్రాలు పట్టి ఇవ్వడం లేదని! మిసిసిపీ అయితే తన ఉనికే బానిసత్వంతో ముడిపడి ఉందని దాపరికం లేకుండా రాసింది.

పైగా పారిపోయిన బానిసలను యజమానులకు పట్టి ఇవ్వాలన్న 1850 నాటి కేంద్ర చట్టం (పలాయిత బానిసల చట్టం) చెల్లదని తేల్చింది ఉత్తరాది రాష్ట్రమైన విస్కాన్సిన్ కోర్టు. అంటే అక్కడ రాష్ట్ర హక్కు అడిగింది ఉత్తరాది, కేంద్రం బలవంతంగా అమలు చేయాలని పట్టుబట్టింది దక్షిణాది.

డల్లాస్‌వాసి:
సుంకాల గొడవ కల్పన కాదు. 1832లో సౌత్ కరోలినా దానిమీదే కేంద్రానికి ఎదురు తిరిగింది. కెంటకీ, మిస్సోరీ, మేరీలాండ్, డెలావేర్‌లలో బానిసలున్నా అవి యూనియన్‌తోనే (విడిపోకుండా మిగిలిన అమెరికాతోనే) ఉన్నాయి. బానిసలను విడుదల చేస్తూ లింకన్ ఇచ్చిన 1863 విముక్తి ప్రకటన వాటికి వర్తించనేలేదు. ఉత్తరాది ధర్మయుద్ధం చేసిందంటే ఎలా నమ్మాలి?

పాతపటం:
ధర్మయుద్ధమని నేననలేదండీ. మసాచుసెట్స్ మిల్లులు నడిచింది బానిసలు ఏరిన పత్తితోనే. ఉత్తరాది మొదట పోరాడింది యూనియన్ కోసం. కానీ దక్షిణాది ఎందుకు విడిపోయిందన్నది వేరే ప్రశ్న. మీరన్న సుంకాన్ని పెంచిన మొరిల్ చట్టం మీద 1861 మార్చి 2న సంతకమైంది. అప్పటికే 7 రాష్ట్రాలు వెళ్ళిపోయాయి.

అసలు తగవు పడమటి కొత్త భూముల దగ్గర. అక్కడ బానిసత్వం ఎంతవరకు ఉండొచ్చో 1820లో మిస్సోరీ ఒప్పందం గీత గీసింది. 1854లో కాన్సాస్-నెబ్రాస్కా చట్టం దాన్ని చెరిపేసింది, కాన్సాస్‌లో రక్తం పారింది. 1857లో సుప్రీంకోర్టు ఇచ్చిన డ్రెడ్ స్కాట్ తీర్పు ఆ భూముల్లో బానిసత్వాన్ని ఆపే అధికారం కాంగ్రెస్‌కు లేదంది. లింకన్ ఉన్నచోట ముట్టుకోనన్నాడు సరే, కొత్త చోటికి పాకనివ్వనని కూడా అన్నాడు. అలాగైతే కొత్తగా చేరే రాష్ట్రాలన్నీ బానిసత్వం లేనివే అయి, సెనేట్‌లో తమ బలం ఏటికేడు తగ్గిపోతుందని తోటల యజమానులకు బాగా తెలుసు.

కృష్ణాతీరం:
1860 నాటికి దాదాపు 40 లక్షల మంది బానిసలుగా ఉన్నారు. ఇంతసేపూ వాళ్ళ మాటే రాలేదు, నాకు బాధగా ఉంది. 1861 మేలో వర్జీనియాలో ముగ్గురు బానిసలు తప్పించుకుని మన్రో కోటలోని యూనియన్ సైన్యాన్ని చేరారు. మర్నాడు యజమాని తరఫు మనిషి వచ్చి, పలాయిత బానిసల చట్టం ప్రకారం వాళ్ళను అప్పగించమన్నాడు. ఆ కోటలోని యూనియన్ జనరల్ బట్లర్ వృత్తిరీత్యా లాయరు. 'వర్జీనియా వేరే దేశమని మీరే అంటున్నారుగా, మా చట్టం మీకెలా వర్తిస్తుంది?' అన్న వాదనతో వాళ్ళను అట్టే పెట్టుకున్నాడు. ఆ కబురు పాకి వందలమంది, తర్వాత వేలమంది ఆ కోట దారి పట్టారు. యుద్ధం ముగిసేసరికి యూనియన్ సైన్యంలో సుమారు 1,80,000 మంది నల్లజాతివారు పనిచేశారు, వాళ్ళలో ఎక్కువమంది బానిసత్వం నుంచి వచ్చినవాళ్ళే. యుద్ధం దేనికోసమో వాళ్ళకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.