బ్లెయిర్ ఇరాక్ యుద్ధం: తప్పు ఒక్క మనిషిదా, మొత్తం మంత్రివర్గానిదా?

ప్రశ్న – రాజనీతి మాస్టారు

డిగ్రీ విద్యార్థులకు బ్రిటన్ మంత్రివర్గ వ్యవస్థ గురించి పాఠం చెప్పేటప్పుడు, ‘సమష్టి బాధ్యత’ అన్న మాట దగ్గర ఏటా 2003 నాటి ఇరాక్ యుద్ధాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. మంత్రివర్గం ఒక నిర్ణయం తీసుకున్నాక నచ్చని మంత్రి రాజీనామా చేయాలి లేదా దాన్ని సమర్థించాలి అని చెప్పి, యుద్ధానికి ముందే తప్పుకున్న రాబిన్ కుక్‌ను, యుద్ధం మొదలైన తర్వాత మే నెల దాకా కొనసాగి అప్పుడు తప్పుకున్న క్లేర్ షార్ట్‌ను పోల్చి చూపిస్తాను. ఈసారి ఒక విద్యార్థిని లేచి, “నిర్ణయమే సమష్టిగా తీసుకోనప్పుడు బాధ్యత మాత్రం సమష్టిగా ఎలా అవుతుంది సార్?” అని అడిగింది. ఆ క్షణాన నేను చెప్పిన సమాధానం నాకే తృప్తినివ్వలేదు. ఇరాక్ విషయంలో విమర్శించవలసింది అప్పటి ప్రధాని టోనీ బ్లెయిర్ నాయకత్వ పద్ధతినా, లేక ఆయనకు అంత వెసులుబాటు ఇచ్చిన వ్యవస్థనా? ఈ విషయం లోతుగా చదివినవారు చెప్పగలరు.

జవాబు – బ్రిస్టల్ వాసి

మాస్టారూ, మీ విద్యార్థిని సరైన చోటే వేలు పెట్టింది. 2002 జులై 28న బ్లెయిర్ అమెరికా అధ్యక్షుడు బుష్‌కు పంపిన లేఖ, ‘ఏది ఏమైనా నేను మీతోనే ఉంటాను’ అనే అర్థం వచ్చే వాక్యంతో మొదలవుతుంది. మంత్రివర్గ సహచరులతో చర్చించకుండా వెళ్లిన లేఖ అది. యుద్ధం మొదలవడానికి అప్పటికి ఇంకా ఎనిమిది నెలలుంది. ఆ తర్వాత మంత్రివర్గంలో ఇరాక్ ప్రస్తావన రాలేదని కాదు, వచ్చింది. కానీ మాట ఇచ్చేసిన తర్వాత వచ్చే చర్చకు, మాట ఇవ్వకముందు జరగవలసిన చర్చకు ఎంత తేడా ఉంటుందో పెళ్లి సంబంధాలు మాట్లాడిన ఏ ఇంటి పెద్దనడిగినా చెబుతారు.

దీనికంటే నాకు ముఖ్యంగా కనిపించేది న్యాయ సలహా విషయం. ప్రభుత్వ ప్రధాన న్యాయ సలహాదారైన అటార్నీ జనరల్ గోల్డ్‌స్మిత్ 2003 మార్చి 7న ప్రధానికి పదమూడు పేజీల సలహా ఇచ్చారు. ఇరాక్ నిరాయుధీకరణకు చివరి అవకాశమిచ్చిన భద్రతామండలి 1441వ తీర్మానం ఆధారంగా యుద్ధానికి సహేతుకమైన వాదన వినిపించవచ్చునని అంటూనే, బలప్రయోగానికి అనుమతిచ్చే రెండో తీర్మానం తెచ్చుకోవడమే న్యాయపరంగా అన్నిటికన్నా క్షేమమని అందులో ఆయన రాశారు. పది రోజుల తర్వాత, మార్చి 17న, పార్లమెంటుకు ఆయన ఇచ్చిన రాతపూర్వక సమాధానం ఒక్క పేజీలో ఇమిడిపోతుంది. అందులో ఆ సందేహాలేవీ లేవు. మంత్రివర్గం ముందుకు వచ్చింది ఆ చిన్న కాగితమే తప్ప పూర్తి సలహా కాదు. విదేశాంగ శాఖలో ఉప న్యాయ సలహాదారు ఎలిజబెత్ విల్మ్స్‌హర్స్ట్ ఆ సమయంలోనే రాజీనామా చేశారు. పూర్తి పాఠం జనం కళ్లబడడానికి 2005 ఏప్రిల్ దాకా పట్టింది.

ఇరాక్ ఆయుధాలపై గూఢచార సమాచారాన్ని సమీక్షించిన 2004 నాటి బట్లర్ నివేదిక కూడా ఈ లాంఛనాలు లేని పాలనా పద్ధతినే తప్పుపట్టింది. సోఫాలో కూర్చుని నలుగురైదుగురు తేల్చేసే పాలన అని ఇక్కడి పత్రికలు దానికి పేరు పెట్టాయి. కాబట్టి నా మటుకు నాకు ఇది నాయకుడి తప్పే. వ్యవస్థలో మంత్రివర్గం అనే గది ఉంది. ఆయన దాన్ని వాడుకోలేదు.

జవాబు – పాతకాపు

బ్రిస్టల్ వాసి గారు చెప్పినదంతా నిజమే గాని, ముగింపుతో నేను ఏకీభవించను. మార్చి 18న పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభ యుద్ధానికి 412–149 ఓట్లతో సమ్మతి తెలిపింది. యుద్ధానికి కారణం ఇంకా రుజువు కాలేదన్న సవరణకు అదే రోజు 217 మంది ఓటు వేశారు. వారిలో 139 మంది బ్లెయిర్ సొంత లేబర్ పార్టీవారు. అంటే సందేహించడానికి తగిన సమాచారం సభలో ఉన్నవారికి అందుబాటులోనే ఉంది. ఫిబ్రవరి 15న లండన్ వీధులు నిండిపోయేలా జనం ఊరేగింపు తీశారు. సామూహిక మారణాయుధాలను ఇరాక్ 45 నిమిషాల్లో ప్రయోగించగలదని 2002 సెప్టెంబరు నాటి ప్రభుత్వ పత్రంలో రాసిన మాటను పత్రికలు పతాక శీర్షికల్లో అచ్చేసినప్పుడు, అది ఏ ఆయుధాల గురించో అని నిలదీసినవారు ఎందరు? ప్రధాన ప్రతిపక్షమైన కన్జర్వేటివ్ పార్టీ ప్రభుత్వానికే ఓటు వేసింది. 2005 ఎన్నికల్లో ఆధిక్యం బాగా తగ్గినా, 66 స్థానాల మెజారిటీతో బ్లెయిర్ మళ్లీ గెలిచారు. ఒక్క మనిషి నెత్తిన పెట్టేస్తే మిగిలినవారు చేతులు కడుక్కోవడం సులువవుతుంది.

జవాబు – బ్రిస్టల్ వాసి

చేతులు కడుక్కోమని నేను అనడం లేదండీ. కానీ న్యాయ సలహా పూర్తి పాఠం చూడకుండానే ఆ 412 మంది ఓటు వేశారన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అప్పటికే వేల మంది సైనికులు కువైట్‌లో దిగి ఉన్నారు. ఆ స్థితిలో అడిగిన ఓటు అనుమతి కోరడం కాదు, ఆమోదముద్ర కోరడం.

జవాబు – కంటోన్మెంట్ కుర్రాడు

మీరందరూ యుద్ధం మొదలుపెట్టిన తీరు గురించే మాట్లాడుతున్నారు. నడిపిన తీరు మీద విమర్శ అంతకంటే ఘాటుగా ఉండాలని నా అభిప్రాయం. మా నాన్నగారు మన సైన్యంలో పనిచేసి రిటైరయ్యారు; సామాను ముందు, సిపాయి తర్వాత అనేవారు.

ఉత్తర ఐర్లండ్ వీధుల కోసం తయారైన స్నాచ్ లాండ్ రోవర్లను బస్రా, అమారా రోడ్ల మీద తిప్పారు. రాళ్లను, తుపాకీ గుళ్లను కొంత తట్టుకోగల బండి రోడ్డు పక్కన పాతిపెట్టిన బాంబు ముందు ఏపాటి? అది చాలదని తెలిసిన తర్వాత కూడా బదులు వాహనాలు రావడానికి జరిగిన జాప్యాన్ని, ఇరాక్ యుద్ధంపై అధికారిక విచారణ జరిపిన చిల్కాట్ నివేదిక గట్టిగా తప్పుపట్టింది. ఇరాక్‌లో పని పూర్తికాకముందే 2006లో అఫ్గానిస్తాన్‌లోని హెల్మండ్‌కు కూడా సేనలను పంపారు. ఒకే చెరువు నీళ్లను రెండు ఆయకట్లకు వదిలినట్టయింది. చివరికి బస్రాలో తమ మీదే దాడులు చేస్తున్న సాయుధ ముఠాతో, ఖైదీలను వదిలిపెట్టే షరతు మీద ఒప్పందానికి దిగవలసి వచ్చింది. ఆ దశకు చేరడం అవమానకరమని చిల్కాటే రాశారు. ఇరాక్‌లో 179 మంది, అఫ్గానిస్తాన్‌లో 457 మంది బ్రిటిష్ సిబ్బంది చనిపోయారు. ఇరాకీ పౌరుల మరణాలను ఎంత తక్కువగా లెక్కగట్టినా లక్షకు పైమాటే.

2007 నుంచి 2011 వరకు ఆ శవపేటికలు వూటన్ బాసెట్ అనే చిన్న ఊరి ప్రధాన వీధి గుండా వెళ్లేవి. చర్చి గంట మోగితే దుకాణాల్లోని వారు బయటికి వచ్చి రోడ్డు పక్కన మౌనంగా నిలబడేవారు. పిలిచిన ప్రభుత్వాధికారి ఎవరూ లేరు, జనమే వచ్చారు.

జవాబు – మునగాల వాసి

బస్రా పేరు వచ్చింది కనుక ఒక పాత సంగతి. 1914 నవంబరులో ఆ ఊరిని బ్రిటన్ కోసం స్వాధీనం చేసుకున్నది మన భారతీయ సైన్యమే. సరైన సరంజామా లేకుండానే టైగ్రిస్ వెంట బాగ్దాద్ వైపు తోలారు. 1916 ఏప్రిల్‌లో కూట్ దగ్గర తుర్కులకు లొంగిపోవలసి వచ్చింది. అంతకుముందు, టెసిఫాన్ యుద్ధంలో గాయపడినవారిని తెచ్చిన మెజిదియే అనే పడవను బస్రా రేవులో చూసిన భారత వైద్య సర్వీసు అధికారి మేజర్ కార్టర్, దాని పక్కల నుంచి తాళ్లు వేలాడుతున్నాయేమో అనుకున్నారట. దగ్గరకు వచ్చాక అవి తాళ్లు కావని, కదలలేని క్షతగాత్రుల మలం అలా జారి గడ్డకట్టిందని తెలిసింది. ఆ మాట నివేదికలో రాసినందుకు పై అధికారులు ఆయననే బెదిరించారు.

తర్వాత జరిగింది చూడండి. ఈ దండయాత్ర వైఫల్యంపై విచారించిన మెసొపొటేమియా (నేటి ఇరాక్) కమిషన్ నివేదిక 1917 జూన్‌లో వెలువడితే, భారత వ్యవహారాల మంత్రి ఆస్టిన్ చాంబర్లేన్ జులైలోనే రాజీనామా చేశారు. ఆయనను నివేదిక వ్యక్తిగతంగా తీవ్రంగా నిందించలేదు. తన శాఖ కనుక తప్పుకున్నారు. ఇరాక్ మీద చిల్కాట్ విచారణను 2009లో ప్రకటిస్తే, పన్నెండు సంపుటాలు, 26 లక్షల పదాలతో 2016 జులై 6న బయటికి వచ్చింది. బ్లెయిర్ పదవి దిగి అప్పటికి తొమ్మిదేళ్లు. ఇక ఆ 45 నిమిషాల పత్రంపై బీబీసీ కథనం తర్వాత జరిగిన ఆయుధ నిపుణుడు డేవిడ్ కెల్లీ మరణాన్ని విచారించిన 2004 జనవరి నాటి హట్టన్ నివేదిక తర్వాత ఉద్యోగాలు పోయింది బీబీసీ ఛైర్మన్‌కు, డైరెక్టర్ జనరల్‌కు. యుద్ధం చేసినవారికి కాదు. మాస్టారి ప్రశ్నకు నా జవాబు ఇదే: మనిషి తప్పు చేశాడు, వ్యవస్థ ఆ తప్పును ముసలిదయ్యేదాకా నాననిచ్చింది.

ప్రశ్నకర్త – రాజనీతి మాస్టారు

అందరికీ ధన్యవాదాలు. 1917 సంగతి నాకు కొత్త. తరగతిలో తప్పకుండా చెబుతాను. ఇంకొక్క సందేహం. 2013 ఆగస్టులో సిరియా మీద దాడికి ప్రధాని కామెరన్ ఓటు అడిగి 285–272తో ఓడిపోయి వెనక్కి తగ్గారు కదా, ఇరాక్ నేర్పిన పాఠం నిలిచిందని చెప్పవచ్చునా?

జవాబు – బ్రిస్టల్ వాసి

చెప్పలేమండీ. 2018 ఏప్రిల్‌లో ప్రధాని థెరిసా మే సిరియా మీద, 2024 జనవరిలో ప్రధాని రిషి సునాక్ యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారుల మీద దాడులు జరిపించిన తర్వాతే సభకు వచ్చి వివరణ ఇచ్చారు. ముందస్తు ఓటు ఆనవాయితీ మాత్రమే, చట్టం కాదు. యుద్ధం చేసే అధికారం నేటికీ రాజు పేరిట ప్రభుత్వం వాడే ‘రాచరికపు విశేషాధికారం’ కింద ప్రధాని చేతిలోనే ఉంది.

ప్రశ్నకర్త – రాజనీతి మాస్టారు

అయితే వచ్చే వారం మార్చి 7 నాటి సలహాను, మార్చి 17 నాటి సమాధానాన్ని అచ్చు తీసి పక్కపక్కన పెడతాను. మొదటి దాంట్లో ఉండి రెండో దాంట్లో లేని వాక్యాల కింద ఎర్ర పెన్సిల్‌తో గీతలు గీయమని ఆ విద్యార్థినికే చెబుతాను.