విండోస్ 11 వేయించాక పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ ఎక్కడం లేదు

ప్రశ్న: తెనాలిలో శుభలేఖలు డిజైన్ చేస్తాను. నిన్న విండోస్ 7 తీయించి 11 వేయించాను. 1996 నాటి నా పేజీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలరే తెరుచుకోవడం లేదు. పాత ఫైళ్లన్నీ దాంట్లో చేసినవే. శుక్రవారానికి రెండు పెళ్లి కార్డులు ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అన్నా, ఆ ఇన్‌స్టాలర్ పాతకాలపు 16 బిట్ రకం అయ్యుంటుంది. 64 బిట్ విండోస్‌లో అవి నడవవు, వాటిని నడపగల 32 బిట్ ఎడిషన్ 11కి అసలు లేదు. వర్చువల్‌బాక్స్‌లో (మీ కంప్యూటర్‌లోనే మరో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) 32 బిట్ విండోస్ ఎక్స్‌పీ వేసి చూడండి.

మరో జవాబు: మీ తెలుగు ఫాంట్లూ అందులోనే వేయండి. పాత ఫాంట్లు యూనికోడ్ (ఇప్పుడు అంతటా వాడే అక్షరాల కోడ్) కావు, అవి లేకపోతే తెలుగుకు బదులు పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి.

ప్రశ్న అడిగినవారు: తెరుచుకుంది తమ్ముడూ! ‘చి.ల.సౌ.’ పక్కన పెళ్లికూతురి పేరులో ఒక్క ఒత్తు కూడా చెదరలేదు. పీడీఎఫ్ తీసి ప్రెస్‌కి పంపేశాను.